ఐస్ డబ్బాకు టికెట్టు

"చాపలా?" అన్నడు కండక్టరు
నా ఒళ్లె ఉన్న ఐస్ డబ్బాను వేలితోని కొట్టి.
కాదన్న. దవాఖాన సామాను.
"ఏదైతేంది, లగేజీ లగేజే."
ముప్పై రూపాయల చీటీ చింపి చేతిల పెట్టిండు.

జగిత్యాల దాటింది బస్సు.
డబ్బాల పద్నాలుగు గొట్టాలు,
రెండు నుంచి ఎనిమిది డిగ్రీల నడుమ
పద్నాలుగు మంది, పేర్లు లేకుండ.
నెత్తురుల ఎరుపు తీసేస్తే
మిగిలేది ఎండిన వరిగడ్డి రంగేనని
ఈ కొలువులకు వచ్చినంకనే తెలిసింది.
ఆరు కొట్టకముందే వరంగల్ ల్యాబుకు చేరాలె.
స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా
పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంట.

మా అధ్యయనం అడిగే ప్రశ్న చిన్నది:
నెలనెలా లైన్ల నిలవెట్టి ఇచ్చే గోలీలు
మూణ్ణెల్లకోసారి ఇంటికాడికే చేరిస్తే
తప్పిపోయే పూటలు తగ్గుతయా?
ప్రశ్న రాసింది హన్మకొండల, ఫ్యాను కింద.
జవాబు మెట్‌పల్లి పక్క ఒక వాడల
చాట ముందట కూసొని తునికాకు కత్తిరిస్తది.

నాలుగు వందల పదిహేడు.
ఆమె ఇంట్ల ఇంకెవ్వరు ముట్టని డబ్బా ఒక్కటే, తంబాకుది.
గోలీలు అండ్లనే.
సీరియల్ అయిపోంగనె రాత్రి ఒకటి,
దగ్గొచ్చే ఘాటుతోని మింగుతది.

మొదటిసారి పోయినప్పుడు ఫారం చదివిన:
గోలీ తప్పిన రోజులెన్ని? కారణమేంది?
మరుపు, ప్రయాణం, వాంతులు, ఇతరం.
"లైన్ల నిలవడ్డ దినం వెయ్యి బీడీలు పోతయి సారూ,
వెయ్యి పోతే వారం కూరగాయలు పోయినట్టే.
ఆ నెల పోలే. గోలీ లేదు."
దానికి గడి లేదు.
ఇతరం మీద టిక్కు పెట్టిన.
కలం కొంచెం ఎక్కువనే ఒత్తిన,
కింది కాయితం మీద గుడ అచ్చు పడ్డది.

ఎట్లొచ్చిందో అడగలే.
ఆ గడి గుడ లేదు. అది మంచిదే.

గంగాధరల ఎక్కిన ముసలాయన
డబ్బా చల్లగున్నదని చెంప ఆనిస్తనన్నడు.
ఎండ అట్లున్నది మరి.
ఒక్క నిమిషం ఆనించుకోనిచ్చిన.
ఆయన చెంపకు, ఆ పద్నాలుగు మందికి నడుమ
రెండంగుళాల థర్మోకోల్.
"సల్లగుండు బిడ్డా" అన్నడు,
నన్నో, డబ్బానో.

ఇయ్యాల పొద్దుగాల
పోయినసారి రిపోర్టు ఆమెకు చదివి చెప్పిన:
కనవడలే.
"పోయిందా?"
పోలే అక్కా. ఉన్నది. కనవడ్తలేదు.
మిషను ఎంత సన్నగ గాలించినా
దాని లెక్కకు దొరుకుతలేదు.
గోలీ ఆపితే మల్ల దొరుకుతది.
ఇట్ల ఉన్నన్ని దినాలు
పడక మీద ఇంకొకరికి అంటుకోదు.
ఈ ఒక్క మాట కోసం ఎక్కడెక్కడి జంటలో
ఏండ్లకేండ్లు తమ రాత్రుల లెక్క ఒప్పజెప్పిన్రని,
ఎవరెవరో కూసొని కూడిన్రని
చెప్పబోయి సగంల ఆపిన.

ఆమె కత్తెర ఆగలే.
"మంచి మాటనే.
ఎవ్వరికి చెప్పుకోవాలె?
ఉన్నదనే ఎవ్వరికి చెప్పలే,
కనవడ్తలేదని ఎట్ల చెప్తు?"

సూది దిగేటప్పుడు మొఖం తిప్పుకోలే.
నేను లేస్తుంటె ఒక కట్ట చేతిల పెట్టింది,
ఇరవై ఐదు బీడీలు,
తాగనని చెప్పినా ఇనలే.

హుజూరాబాద్‌ల చాయ్‌కి ఆగింది బస్సు.
థర్మామీటరు చూసిన. ఆరు. పర్వాలేదు.
కండక్టరు వచ్చి పక్కన నిలవడ్డడు,
నా జేబుల కట్టను చూసి చెయ్యి చాపిండు.
ఒకటి ముట్టిచ్చి,
రెండోదాన్ని వేళ్ల నడుమ తిప్పి తిప్పి చూసిండు,
దారం ముడిని, మడిచిన నోరును.
"పొగ సక్కగ గుంజుతంది.
ఎవరు చుట్టిన్రోగని, చెయ్యి మంచిది."

నాలుగు వందల... నోటిదాకా వచ్చింది.
మింగిన.
తెల్వదన్న,
డబ్బా మీద చెయ్యి అట్లనే ఉంచి.